ఏమీ అమ్మని ఆటో

మొన్న ఆదివారం మా వీధిలోకి కుక్కర్లు, గ్యాస్ పొయ్యిలు బాగుచేసే ఆటో వచ్చింది. మైకులో ఎవరో మగగొంతు, గాస్కెట్లు మారుస్తాం, హ్యాండిళ్లు బిగిస్తాం అని ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతోంది. నేను మిక్సీలో గోంగూర వేసి ఉన్నాను. ఆ గొంతు కింద నడుస్తున్న సంగీతం చెవిన పడగానే మిక్సీ కట్టేసి, చేతికి కారం ఉందన్న ధ్యాస కూడా లేకుండా వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను.

నన్ను చూసి ఆటో ఆగింది.

"కుక్కరు తెస్తావా అమ్మా?" అన్నాడు డ్రైవరు.

"కుక్కరు బాగానే ఉండాది గానీ, ఆ మాటలు తీసేసి కింద మ్యూజిక్ ఒక్కటే వేస్తావా?"

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "అట్టా రాదమ్మా. రెండూ కలిసే ఉండాయి దాంట్లో."

అతన్ని కాసేపు నిలబెట్టాలంటే ఒకటే దారి. లోపలికి పోయి నిక్షేపంలాంటి కుక్కరు తెచ్చి చేతిలో పెట్టాను. అతను గాస్కెట్ మార్చినంతసేపూ ఆ మ్యూజిక్ బిట్టు తిరిగి తిరిగి వచ్చింది. మా ఆయన పేపర్లోంచి తలెత్తి, "బాగుండే కుక్కరుకు రిపేరేందే?" అన్నాడు. నోరు తెరిస్తే ఏడుపొచ్చేలా ఉంది. ఆ బిట్టు చేసిన మనిషి గుండె పట్టేసి పోయాడు. ఇంకా ఏడాది తిరగలేదు.

ఊళ్లో ఆయన్ని రికార్డింగ్ భాయ్ అనేవాళ్లు. పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు, కాబట్టి నేనూ ఇక్కడ పేరు రాయను. ఉదయగిరి మనిషి. ఇంటిల్లిపాదీ చెక్క చెంచాలు, గరిటెలు చెక్కే కుటుంబం. ఆయన చేతికి మాత్రం ఉలి కంటే కీబోర్డు బాగా కుదిరింది. ఆత్మకూరు బస్టాండుకు ఎదురుగా ఎరువుల కొట్టు మేడ మీద ఒక గదిలో కూర్చుని కంప్యూటర్ మీద సంగీతం చేసేవాడు. వీణ లేదు, తబలా లేదు. ఒక పాత ల్యాప్‌టాప్, మధ్యలో ఒక మెట్టు పలకని కీబోర్డు, విరిగిపోతే చేతిరుమాలుతో కట్టుకున్న హెడ్‌ఫోన్లు, అంతే. బస్సుల హారన్లు లోపలికి రాకుండా గోడల నిండా పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీశాడు. ఆ గదిలో కాసేపు కూర్చుంటే చీరకు ఎరువుల వాసన పట్టేది.

ఈ చుట్టుపక్కల మైకు ఆటోలో ఏది వినిపించినా ఆ గదిలో పుట్టిందే. ఉల్లిపాయలు, చీరల డిస్కౌంటు, కొత్త షాపు ఓపెనింగు, రేపు కుళాయి నీళ్లు రావన్న మున్సిపాలిటీ కబురు, ఫలానావారు కాలం చేశారన్న కబురు. కింద సంగీతం ఆయనది. పైన గొంతు, నేనే చెప్పుకోకూడదు గానీ, చాలావాటికి నాది.

నేను ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. అడ్మిషన్ల ప్రకటన చదవమని మా కరస్పాండెంటు నన్ను ఆ మేడ ఎక్కించాడు. చదవడం అయ్యాక భాయ్ హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకున్నాడు. "టీచరమ్మా, మీ గొంతు మిద్దెలు దాటి పోతాది" అన్నాడు.

నేను మురిసిపోయాను. "చిన్నప్పుడు సంగీతం నేర్చుకోవాలని ఉండేది భాయ్."

"సంగీతం కాదులేమ్మా. పిల్లకాయల్ని అదిలించీ అదిలించీ వచ్చినాది అది."

వెక్కిరింతేం కాదు, ఉన్నమాటే అన్నాడు. అదే నాకు ఇంకా మండింది. మళ్లీ ఆ మేడ ఎక్కకూడదనుకున్నాను. మరుసటి వారమే చీరల డిస్కౌంటు చదవడానికి ఎక్కాను.

రికార్డు చేసే ముందు ట్రాఫిక్ పోలీసులా అరచెయ్యి ఎత్తేవాడు. ఆ చెయ్యి దిగేదాకా దగ్గకూడదు, గాజులు కదలకూడదు. కింద కొట్లో ఎవరైనా మూట ధబీమని పడేస్తే చెయ్యి అలాగే ఉంచి, ఆ చప్పుడు పూర్తిగా అణిగేదాకా ఆగేవాడు. టీ తెప్పించుకుని కిటికీలో పెట్టి మరిచిపోయేవాడు. ఆయన వేడి టీ తాగగా నేను చూడలేదు.

ఎవరైనా ప్రకటన చేయించడానికి వస్తే సరుకు సంగతి తర్వాత. వినేవాళ్ల సంగతి ముందు. "ఉల్లిపాయలా? పొద్దన తిప్పుతావా, మధ్యాన్నమా? మధ్యాన్నమైతే ఆడోళ్లు కునుకు మీద ఉంటారు. మెల్లిగా లేపాల" అనేవాడు. మనిషి పోయిన కబురు చెప్పించడానికి వచ్చినవాళ్లను మాత్రం ఇంకో ప్రశ్న అడిగేవాడు.

"ఎట్టా నడిచేవాడు?"

ఏడుస్తూ వచ్చినవాళ్లు తెల్లబోయేవాళ్లు. పేరూ ఊరూ, ఎత్తే టైమూ అడుగుతాడనుకుంటారు కదా. తేరుకున్నాక చెప్పేవాళ్లు. కుడికాలు కొంచెం ఈడ్చేవాడని ఒకరు, మా అమ్మ మెట్టు కనిపిస్తే ఆగి మోకాలి మీద చెయ్యేసుకునేదని ఒకరు. భాయ్ తలాడిస్తూ వేలితో బల్ల మీద ఆ నడక కొట్టి చూపించేవాడు. "ఇట్టానా? ఇంకొంచెం నిదానమా?" అనేవాడు. వాళ్లు ఔనన్నాక ఆ నడకతోనే బిట్టు కట్టేవాడు. ఒకరికి చేసింది ఇంకొకరికి వేసేవాడు కాదు. "ఒకరి నడక ఇంకొకరికి ఎట్టా ఏస్తాం టీచరమ్మా?" అనేవాడు. నేను గబగబా చదివితే అరచెయ్యి ఎత్తి ఆపేవాడు. "ఆయన కంటే మీరు ముందు పోతన్నారు. కొంచెం ఆగండి."

చేయించుకున్నవాళ్లకు తప్ప ఈ సంగతి ఊళ్లో ఎవరికీ తెలియదు. తెలుసుకునే తీరిక ఎవరికుంది? ఆ కిటికీ దగ్గర నిలబెట్టి ఆయన నాకు ఊరి పద్ధతి చూపించాడు. కింద మైకు ఆటో బయలుదేరుతుంది. బిట్టు మొదలవగానే తలుపుల్లోకి జనం వస్తారు. నా గొంతు ఉల్లిపాయలు అనగానే అక్కర్లేనివాళ్లు లోపలికి పోతారు, అక్కరున్నవాళ్లు కేకేసి ఆటో ఆపుతారు. ఆ తర్వాత సంగీతం నడుస్తున్నా లేకపోయినా ఒకటే.

"చూడండి, ఏందో తెలిసిపోయినాది. ఇంక పోతారు" అని నవ్వేవాడు. "నేను చేసిన బిట్టు ఒక్కటన్నా ఆఖరు దాకా ఇన్నోడు ఈ ఊళ్లో లేడు టీచరమ్మా." నవ్వుతూనే అన్నా, ఆ మాట చాలాసార్లు అనేవాడు.

నెల్లూరులో ఫోన్ల కొట్టు పెట్టుకున్న స్నేహితుడు ఒకడు ఈ బిట్లన్నీ ఏరి ఆల్బంగా ఇంటర్నెట్‌లో పెట్టించాడు. అది మొదటి ఆల్బం. అందులో భాయ్ నా గొంతును ముక్కలు చేసి, రండి రండి అన్న మాటనూ, త్వరపడండి అన్న మాటనూ దరువు మీద ఎగరేశాడు. కాలేజీ పిల్లలు దానికి గంతులేశారట. సంగీతం గురించి ఇంగ్లీషులో రాసే వెబ్‌సైట్ ఒకటి, చిన్న ఊరి హాస్యమంతా ఇందులో ఉందని మెచ్చుకుంది. కావలి నుంచి మా చెల్లెలు ఫోన్ చేసి, "అక్కా, నీ గొంతుకు పిల్లకాయలు డ్యాన్సులు చేస్తన్నారు మే!" అంది. నేల మీద నడవడం మానేశాను కొన్నాళ్లు.

అందుకే రెండో ఆల్బం మొదలుపెట్టానని భాయ్ అన్నప్పుడు నేను మిరియాల పాలు తాగడం మొదలుపెట్టాను. చాలాకాలం తాగాను. పిలుపు రాలేదు. చివరికి నేనే పోయి అడిగాను.

"దీంట్లో మాటలు లేవు టీచరమ్మా" అన్నాడు. "అన్నీ నడకలే."

"నా గొంతేం పాపం చేసింది?"

"మీ గొంతుంటే నన్నెవురు ఇంటారు?"

ఆ మాటలో చురక లేదు. దారి అడిగితే చెప్పినంత మామూలుగా చెప్పాడు. నాకు రోషం వచ్చింది. సరే, కనీసం నా నడకైనా పెట్టావా అన్నాను. "మీది నడక యాడుండాది టీచరమ్మా, పరుగు. ఆల్బంలో పట్టదు" అన్నాడు. ఇంక నవ్వక తప్పలేదు.

హెడ్‌ఫోన్లు నా తలకు పెట్టి వినిపించాడు. ఉదయగిరి కొండ మీది నుంచి మోపుతో దిగే మనిషి నడక. ఏఎస్ పేట దర్గాకు చెప్పుల్లేకుండా పోయే ఒకామె నడక. చెక్కపొట్టు మీద భాయ్ వాళ్ల పెద్దన్న నడక, వెనకాల ఎక్కడో చెక్క రుద్దే ఆకురాయి గరగరలు. అడుగుల చప్పుడు అడుగుల్లాగే ఉండదు, నెమ్మదిగా స్వరమవుతుంది, మళ్లీ అడుగవుతుంది. చివరిది వాళ్లమ్మది. బోరింగు నుంచి బిందెతో వస్తూ వస్తూ ఆగుతుంది. ఆ తర్వాత చాలాసేపు గాలి తప్ప ఏమీ లేదు.

"కరెంటు పోయిందా?" అన్నాను.

"లేదమ్మా. బిందె దించి నిలబడుకోనుండాది. అలిసిపోయినాది కదా."

నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఎంత బాగుందో నాకు చేతనైన మాటల్లో చెప్పాను. ఆయన తల అడ్డంగా ఆడించాడు. "పక్కనే నేను కూర్చోనుంటే మీరు ఇనక ఏం చేస్తారు?" అన్నాడు. అలా నేను వినడం లెక్కలోకి రాలేదు.

ఆల్బం వచ్చింది. చాలాకాలం ఉలుకూ పలుకూ లేదు. తర్వాత ఆ ఇంగ్లీషు వెబ్‌సైట్ వాళ్లే రాశారు. భాయ్ ఫోన్ పట్టుకుని మా స్కూలు గేటు దగ్గరికి వచ్చాడు. నేను వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. తీపి కలపలేదు, చేదు తగ్గించలేదు. మొదటి ఆల్బంలోని సందడి ఏమైంది, ఆ ఆడగొంతు ఏమైంది అని అడిగాడు రాసినాయన. పాటలు ఎక్కడికీ చేరవన్నాడు. ఆడగొంతు మాట దగ్గర నాలో నేను కొంచెం ఉబ్బాను, అది వేరే సంగతి. చివరి పాట అయిపోయాక ఒట్టి గాలి చప్పుడు అంతసేపు ఎందుకు, ఆపడం మరిచిపోయాడా అని ముగించాడు.

"ఆ ఆఖరి ముక్క మళ్లీ చదవండి" అన్నాడు భాయ్. చదివాను. మళ్లీ చదవమన్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"తిట్టినాడు భాయ్."

"తిట్టనీయండమ్మా. గాలి దాకా ఇన్నాడు!"

ఆ సంతోషం వారం కూడా నిలవలేదు. ఒకరోజు పోయేసరికి హెడ్‌ఫోన్లు మెడలో వేసుకుని ఊరికే కూర్చుని ఉన్నాడు. "ఆయనకి ఇనడం పని టీచరమ్మా. రాయాల గాబట్టి ఇన్నాడు. పని లేనోడు ఒక్కడన్నా ఇనాల" అన్నాడు. మాటలు కలిపి ఆల్బం మళ్లీ వదలమని నెల్లూరు స్నేహితుడు పోరుతున్నాడట. "ఒకసారి మన ఊళ్లో తిప్పి చూస్తా. ఒక్కడు ఆఖరు దాకా నిలబడినా చాలు. లేదంటే మాటలు పెట్టేస్తా. ఇంక ఆల్బాల జోలికి పోను, ఉల్లిపాయల బిట్లు చేసుకుంటా."

ఆయన అంత మాట అనగా అదే మొదటిసారి వినడం. నాకు భయమేసింది.

బడి వదిలాక సాయంత్రం మైకు ఆటోలో బయలుదేరాం. భాయ్ డ్రైవరు పక్కన, నేను వెనక. మొదటి వీధిలోనే జనం తలుపుల్లోకి వచ్చారు. వచ్చినవాళ్లు పోలేదు. పోవడానికి ఏందో తెలియాలి కదా! ఇప్పుడు చెబుతారు, ఇప్పుడు చెబుతారు అని చాటలు పట్టుకుని, పిల్లల్ని చంకనెత్తుకుని నిలబడ్డారు. ఒక అవ్వ కర్ర పొడుచుకుంటూ ఆటో దగ్గరికి వచ్చేసింది.

"ఎవురు పోయినారు నాయనా?"

"ఎవురూ పోలా అవ్వా."

"నా దగ్గిర దాచిపెట్టమాకు, చెప్పు."

మా ఆటో వెనక ఎవరో, రెండు రోజులు కుళాయి రాదంట, అది చెప్పడానికే తిప్పుతున్నారు అన్నారు. ఆ మాట ఆటో కంటే ముందు పరుగెత్తింది. మేం పోయేసరికి ప్రతి ఇంటి ముందూ బిందెలు, డ్రమ్ములు, పప్పు గిన్నెలు కూడా నిండుతున్నాయి. "భాయ్, కొంప మునిగేట్టుండాదే" అన్నాడు డ్రైవరు. భాయ్ వెనక్కి తిరిగి, "నిలబడినారు చూడండి టీచరమ్మా, ఒక్కడూ పోలా" అన్నాడు.

"వాళ్లు కబురు కోసం నిలబడ్డారు భాయ్."

"తెలుసమ్మా" అన్నాడు. అయినా వాళ్లను చూడడం మానలేదు.

మర్నాడు పొద్దున్నే మమ్మల్ని పోలీస్ స్టేషన్‌కు పిలిపించారు. ఊరి ట్యాంకు ఖాళీ అయిందని మున్సిపాలిటీవాళ్లు మొత్తుకున్నారట. ఎస్సై మర్యాదగానే మాట్లాడాడు. "మైకు తిప్పితే ఏదో ఒకటి చెప్పాలయ్యా. చెప్పకపోతే జనం వాళ్లకు తోచింది అనుకుంటారు" అన్నాడు. అందులో తప్పు పట్టడానికేం లేదు.

భాయ్ మేడ మీదికి వచ్చి నా ముందు కూర్చున్నాడు. "మీరే చెప్పండి. ఉండేది ఉన్నట్టు." అరచెయ్యి ఎత్తి దించాడు. నేను చెప్పాను. "ఎవరూ కాలం చేయలేదు. కుళాయి నీళ్లు ఎప్పటిలాగే వస్తాయి. అమ్మేదేమీ లేదు. ఇది సంగీతం మాత్రమే."

దాన్ని పాటకు ముందు పెట్టాలా, వెనక పెట్టాలా? ముందు పెడితే తెలిసిపోయి లోపలికి పోతారు. వెనక పెడితే ఏదో కబురుందని మోసపోయి నిలబడతారు. భాయ్ వేలితో బల్ల మీద కొట్టుకుంటూ ఆలోచించాడు. "ఎనకే పెడదాం. ఈ ఒక్క పూటే మోసం. రేపటికి ఊరందరికీ తెలిసిపోతాది. రేపు నిలబడినోడే నిలబడినట్టు" అన్నాడు.

ఆ పూట నిలబడి విన్నవాళ్లు ఆఖర్న నా మాట విని నవ్వారు, కొందరు తిట్టారు. "ఇందుకా ఇంతసేపు నిలబెట్టింది?" అందొకామె. బస్టాండు టీ కొట్టు దగ్గర ఒకాయన మాత్రం కూలంకషంగా సమీక్షించాడు. "మ్యూజిక్కు బాగుండాది భాయ్. దేనికో చెప్పుంటే ఇంకా బాగుండేది."

మర్నాటి సాయంత్రం మళ్లీ బయలుదేరాం. ఒక్క తలుపు తెరుచుకోలేదు. వాకిలి ఊడుస్తున్న ఆమె తలెత్తలేదు. అరుగు మీద కూర్చున్న ఇద్దరు, "ఏమీ లేని ఆటోరా అది" అని వాళ్ల మాటల్లో పడిపోయారు. వీధి తర్వాత వీధి. భాయ్ ముందుకే చూస్తున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. వెనక నుంచి ఆయన మెడ, ఆ రుమాలు కట్టిన హెడ్‌ఫోన్లు చూస్తుంటే నాకు ఒళ్లు మండిపోయింది. దిగి ఒక్కొక్క తలుపూ బాది, వినండర్రా అని అదిలిద్దామనిపించింది. వీళ్ల తల్లుల నడకలు, తండ్రుల నడకలు ఇన్నేళ్లు కట్టిన మనిషి ఈయన.

సెంటర్లోకి వచ్చేసరికి ఉదయగిరి బస్సు మలుపు తిరగలేక అడ్డంగా నిలబడింది. మా ఆటో ఆగిపోయింది. పక్కనే బజ్జీల బండి, చుట్టూ మంచి గిరాకీ. మైకులో చివరి పాట నడుస్తోంది, భాయ్ వాళ్లమ్మది.

బజ్జీలతను జల్లిగరిటెతో బాండీలో ఉన్నవన్నీ తీసి పళ్లెంలో వేశాడు. మళ్లీ పిండిలో చెయ్యి పెట్టలేదు. వంగి పొయ్యి కట్టేశాడు.

"ఏందబ్బా, కట్టేసినావే?" అన్నాడు ఒక గిరాకీ.

"ఉండన్నా. నిన్న నూనె చప్పుళ్లో సగమే ఇనపడినాది."

డ్రైవరు వెనక్కి తిరగబోయాడు. భాయ్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "అటు చూడమాకు" అన్నాడు గొంతు తగ్గించి. "చూస్తే మన కోసం ఇంటాడు." తను కూడా చూడలేదు. ఎదురుగా ఉన్న బస్సునే చూస్తూ కూర్చున్నాడు. చూసింది నేనొక్కదాన్నే.

అడుగులు నిదానమయ్యాయి. ఆగాయి. గాలి మొదలైంది.

"అయిపోయింది కదా, బజ్జీలు ఏయ్ ఇంక" అన్నాడు ఆ గిరాకీ.

"అయిపోలా."

జల్లిగరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు అతను. గరిటె అంచు నుంచి నూనె బొట్లు చెప్పుల మీద పడుతున్నా చూసుకోలేదు. చుట్టూ ఉన్నవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకుని, వాళ్లూ మాటలాపారు. బస్సు మలుపు తిరిగి దారి వదిలింది. మా డ్రైవరు బండి కదిలించలేదు. గాలి అలా నడిచి నడిచి, ఎక్కడ అయిపోయిందో తెలియకుండా అయిపోయింది.

వెంటనే మైకులో నా గొంతు ఖణీమని లేచింది. ఎవరూ కాలం చేయలేదు అనేలోపే అతను పొయ్యి వెలిగించి బజ్జీలు వేసేశాడు. నూనె చిటపటల్లో, "నాకు, అన్నా నాకు" అన్న కేకల్లో, నేను చెప్పింది ఒక్క ముక్క కూడా ఎవరికీ వినిపించలేదు. మిద్దెలు దాటే గొంతు నాది! నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

అప్పుడు భాయ్ నా వైపు తిరిగాడు. కళ్ల నిండా నీళ్లు.

"మిమ్మల్ని ఇనలా టీచరమ్మా అతను" అన్నాడు.